తెర మీది బొమ్మ, ఇంట్లో గొడవ

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం విశాఖ నుంచే. సినిమా, టీవీ, రీల్స్, వాటిలోని తారలు మన పిల్లలకీ, మన వీధులకీ ఏం అలవాటు చేస్తున్నారన్నదే దాదాపు అందరి బాధా. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. హీరో తెర మీద చెప్పే నీతి హాల్లో లైట్లు వెలిగేదాకానే. ఆయన పేరు చెప్పి మనం ఏటా ఏం చేస్తున్నాం, దేనికి డబ్బు తీస్తున్నాం అన్నదే మనసులో పాతుకుంటుంది. అందుకే జవాబుల్లో సుద్దులు తగ్గించి, చేయాల్సిన పనులు చెప్పాం.

ప్రశ్న: మాది అభిమాన సంఘం. హీరో పుట్టినరోజుకి కుర్రాళ్లు 30 అడుగుల కటౌట్, పాలాభిషేకం, డీజే కావాలంటున్నారు. పెద్దవాళ్లం రక్తదాన శిబిరం పెడదామంటున్నాం. కిందటేడు శిబిరానికి 150 మంది పేర్లిచ్చారు, తీరా వచ్చినవాళ్లలో సగం మందిని డాక్టర్లు వెనక్కి పంపేశారు. కుర్రాళ్లు అవమానంగా ఫీలయ్యారు. ఈసారి ఎలా నడపాలి?
— సంఘం కార్యదర్శి, గాజువాక

జవాబు: వెనక్కి పంపిన సంగతి ముందు తేల్చుకుందాం, మిగతాదానికి దారి అక్కడే దొరుకుతుంది.

రక్తం ఇవ్వాలంటే వయసు 18 నుంచి 65 మధ్య ఉండాలి. బరువు కనీసం 45 కిలోలు. 45 కిలోల వాళ్ల దగ్గర 350 మి.లీ. తీస్తారు, 55 దాటితేనే 450 తీయవచ్చు. హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. ఇవి అందరికీ తెలిసినవే. మీ కుర్రాళ్లు దొరికిపోయేది వీటి దగ్గర కాదు. పుట్టినరోజు ముందు రాత్రి నిద్ర మానేసి ఫ్లెక్సీలు కట్టి, పొద్దున్నే ఖాళీ కడుపుతో శిబిరానికి వస్తారు. నిద్ర లేనివాళ్లనీ, ఉపవాసం ఉన్నవాళ్లనీ, మందు తాగి వచ్చినవాళ్లనీ తీసుకోకూడదని రక్తనిధి కేంద్రాలకు స్పష్టమైన నిబంధనలున్నాయి. ఇంకోటి, చేతి మీద హీరో పేరు పచ్చబొట్టు. టాటూ వేయించుకున్న రోజు నుంచి 12 నెలలు రక్తం ఇవ్వకూడదు. అభిమానం ఎక్కువైనవాడే శిబిరానికి పనికిరాకుండా పోయేది ఇందుకే. వాణ్ని పదిమందిలో వెనక్కి పంపితే చిన్నబుచ్చుకోడా మరి?

కాబట్టి పది రోజుల ముందే సంఘం వాట్సాప్ గ్రూపులో అడగండి: బరువెంత, ఆఖరిసారి రక్తం ఎప్పుడిచ్చారు, ఏడాదిలోపు టాటూ ఉందా, ఏవైనా మందులు వాడుతున్నారా, ఈమధ్య జ్వరం గాని కామెర్లు గాని వచ్చాయా. కుదరనివాళ్లకు ముందే వేరే పని అప్పగించండి. టేబుళ్ల దగ్గర పేర్లు రాసుకోవడం, టిఫిను, మంచినీళ్లు, ట్రాఫిక్. పని ఉంటే అవమానం ఉండదు.

150 మంది అన్న లెక్క దగ్గర కూడా కాస్త ఆగండి. 6 నుంచి 8 బల్లలు, ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు, ముగ్గురు టెక్నీషియన్లు వస్తే మూడు గంటల్లో 50 నుంచి 70 మంది దగ్గర రక్తం తీయగలరు. అయిదు గంటలైతే 100 నుంచి 120. అంతకంటే ఎక్కువమందిని పిలిస్తే ఎండలో వరుసలు, కళ్లు తిరిగి పడిపోవడాలు, చివర్లో తోపులాట తప్పవు. అసలు ఒకేరోజు అంత రక్తం ఎందుకు? ప్లేట్‌లెట్లు 5 రోజుల కంటే నిలవ ఉండవు. ఎర్రకణాలైతే వాటిలో కలిపే ద్రావణాన్ని బట్టి 35 నుంచి 42 రోజులు ఉంటాయి. పైగా మన హీరోల పుట్టినరోజులు చూడండి: ఆగస్టు 9 మహేశ్‌బాబు, 22 చిరంజీవి, 29 నాగార్జున, సెప్టెంబరు 2 పవన్ కల్యాణ్. పాతిక రోజుల్లో నలుగురివి. మగవాళ్లు ఒకసారి ఇస్తే 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగాలి. ఆగస్టు 22న ఇచ్చిన కుర్రాడు నవంబరు 20 దాకా పనికిరాడు. ఊళ్లో ఒక నెల వరద, తర్వాత కరువు. కాలేజీలు మూసేసిన ఏప్రిల్, మే నెలల్లో తలసేమియా అనే రక్తవ్యాధి ఉన్న పిల్లల తల్లిదండ్రులు పడే పాట్లు చూడాలి. ఆ పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే, పుట్టినరోజు వచ్చేదాకా వాళ్లు ఆగలేరు.

అందుకని పుట్టినరోజు నాడు 60 మందికి మించి పెట్టుకోవద్దు. మిగతా పేర్లను మూడు జట్లుగా విడగొట్టి, మూడేసి నెలలకు ఒక జట్టు చొప్పున హీరో పేరు మీదే తేదీ ఖాయం చేయండి. ఒక జట్టు తప్పకుండా ఏప్రిల్ ఆఖరు వారంలో పడాలి. శిబిరానికి నెల ముందే కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) రక్తనిధికో, రెడ్‌క్రాస్‌కో, లైసెన్సు ఉన్న మరో కేంద్రానికో లెటరు ఇవ్వండి. లైసెన్సు నంబరు అడగడానికి మొహమాటపడొద్దు. నీడ, ఫ్యాన్లు, చదునైన నేల, మరుగుదొడ్డి ఉన్న కల్యాణమండపమో స్కూలో చూడండి, రోడ్డు మీద షామియానా వద్దు. వచ్చినవాళ్లకు ముందు ఇడ్లీ, తర్వాత అర లీటరు నీళ్లు. రక్తమిచ్చాక పావుగంట కూర్చోబెట్టాలి. ఆ తర్వాత అరగంట సిగరెట్ లేదు, ఆ రోజంతా బరువులెత్తడం లేదు. రక్తమిచ్చినవాడు సాయంత్రం కటౌట్ ఎక్కకూడదు.

ఇక కటౌట్. 2020 సెప్టెంబరులో చిత్తూరు జిల్లా శాంతిపురం మండలంలో పుట్టినరోజు బ్యానరు కడుతూ ముగ్గురు అభిమానులు కరెంటు షాకుతో చనిపోయారు. తీగ ముట్టుకోవాలన్న షరతేం లేదు, ఇనప ఫ్రేము ముట్టుకుంటే చాలు. భవనాలకు 11 కేవీ లైన్ల నుంచి పక్కకు 1.2 మీటర్లు, పైకి 3.7 మీటర్లు ఖాళీ ఉండాలన్నది నిబంధన. కట్టేవాళ్లు నిచ్చెన మీద చేతులు చాపుతారు, గాలికి ఫ్రేము ఊగుతుంది కాబట్టి మీరు ఆ లెక్కకు రెట్టింపు దూరం ఉంచుకోండి. విశాఖలో మరో చిక్కు ఉంది. ఉప్పుగాలికి బైండింగు వైరు, మేకులు తొందరగా తుప్పు పడతాయి. కిందటేటి ఫ్రేము పైకి బాగానే కనబడుతుంది, వెల్డింగు దగ్గర చేత్తో నొక్కితే పొడి రాలుతుంది. సముద్రపు గాలికి ఫ్లెక్సీ తెరచాపే అవుతుంది. తప్పదనుకుంటే 10 అడుగుల లోపు, నేల మీద నిలబెట్టే స్టాండు, అదీ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) అనుమతితో. తీగల అనుమానం ఉంటే 1912కి ఫోను చేసి కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ లైన్‌మన్‌ను పిలవండి. ప్లాస్టిక్ ఫ్లెక్సీల మీద నిషేధం ప్రకటించింది కూడా ఈ ఊళ్లోనే, 2022 ఆగస్టు 26న. అమలు గడువు 2023 జనవరి 26కి జరిగింది. అది ఎంత అమలైందో మీ జంక్షన్లో తలెత్తి చూస్తే తెలుస్తుంది.

పాలాభిషేకం మానేయమంటే కుర్రాళ్లు వినరు. ఒక్క గ్లాసుతో అభిషేకం చేయనివ్వండి, ఫొటోకి అది చాలు. మిగతా అర లీటరు ప్యాకెట్లు 40 ఉంటే 20 లీటర్లు. 150 మి.లీ. చొప్పున 130 మందికి పైగా పిల్లలకు వస్తాయి. కాచి, గోరువెచ్చగా, అంగన్‌వాడీలో ముందుగా చెప్పి పంచండి. డీజే రాత్రి 10కి ఆపాలి, అది చట్టం.

మీ పెద్దవాళ్లకో మాట. కుర్రాళ్ల సరదాను చిన్నచూపు చూడకండి. రక్తమిస్తే నీరసించిపోతామని భయపడే ఇళ్లలోంచే పిల్లలు వచ్చి చెయ్యి చాపుతున్నారంటే అది అభిమానం చేసిన పనే. 1998లో చిరంజీవి పేరు మీద ట్రస్టు పెట్టి బ్లడ్ బ్యాంకు, ఐ బ్యాంకు మొదలుపెట్టాక రక్తదానం అభిమానానికి గుర్తయింది. ఏ హెల్త్ పోస్టరూ అంత పని చేయలేదని మా నమ్మకం.

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు. మందుల షాపులో కొన్న క్రీము ఆరు నెలలుగా ముఖానికి రాస్తోంది. మొదట్లో తెల్లబడింది. ఇప్పుడు ఎండలోకి వెళ్తే మంట, బుగ్గల మీద ఎర్రటి సన్న నరాలు, పైపెదవి మీద నూగు. మానేస్తే ఇంకా మంట అంటోంది. హీరోయిన్లు అలా ఉన్నారుగా అంటుంది. ఏం చేయను?
— ఒక తల్లి, మర్రిపాలెం

జవాబు: అమ్మా, ట్యూబును వెనక్కి తిప్పి సన్న అక్షరాలు చదవండి. బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్ వీటిలో ఏ పేరున్నా అది స్టెరాయిడ్. పక్కన హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్ కూడా ఉంటే మూడూ కలిపిన మందు. మంగు మచ్చలకు డాక్టరు కొన్ని వారాలపాటు మాత్రమే రాసిచ్చేది. 2018 మార్చిలో ఇలాంటి పూత స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్‌లో పెట్టారు, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్ముతూనే ఉన్నారు, అది వేరే గొడవ.

మీ అమ్మాయికి జరిగింది ఇది: స్టెరాయిడ్ చర్మాన్ని పలచన చేస్తుంది, లోపలి రక్తనాళాలు పైకి కనబడతాయి, నూగు పెరుగుతుంది, మొటిమలొస్తాయి. చర్మం దానికి అలవాటు పడిపోయి, ఆపగానే మండుతుంది. మంట తట్టుకోలేక మళ్లీ రాస్తారు. ఇదే ఉచ్చు. కాబట్టి మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపించకండి, అలాగని కొనసాగించకండి. ఈ వారంలోనే ట్యూబు పట్టుకుని చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లండి. కేజీహెచ్‌లో ఓపీ ఉంది. ఎలా తగ్గించుకుంటూ రావాలో వాళ్లు చెబుతారు. కుదుటపడటానికి నెలలు పడుతుంది. ఈలోగా నిమ్మరసం, శనగపిండి రుద్దడం, బ్లీచ్, పార్లరు ఫేషియల్ ఏవీ వద్దు. వాసన లేని మాయిశ్చరైజర్, ఎస్పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ చాలు. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకూ సరిపోతుంది. విశాఖ చెమటకి అది తొందరగా కారిపోతుంది కాబట్టి బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. పేరూ ఊరూ లేని డబ్బా క్రీములైతే ఇంకా ప్రమాదం. వాటిలో పాదరసం దొరికిన సందర్భాలున్నాయి, అది మూత్రపిండాలకు ముప్పు.

హీరోయిన్ల సంగతికి వద్దాం. అమ్మాయితో కలిసి ఒక పాట పెట్టి మధ్యలో ఆపండి. ముఖం వదిలేసి చెవి తమ్మె, మోచేయి, వేళ్ల కణుపులు చూడమనండి. కొన్ని చోట్ల మేకప్ అందని రంగు దొరికిపోతుంది. ఇంకొన్ని చోట్ల ఆ కణుపులు కూడా ముఖమంత తెల్లగానే ఉంటాయి. అది షూటింగ్ అయ్యాక కంప్యూటర్లో రంగులు దిద్దిన పనితనం. చూసి నవ్వుకున్నాక ఆ మాయ కొంత దిగుతుంది.

కానీ తప్పంతా తెర మీదికి తోసేయడం న్యాయం కాదు. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. నల్లగా ఉన్నవాళ్లను దిగులుగా, ఓడిపోయినట్టు చూపించకూడదని ప్రకటనల స్వీయ నియంత్రణ సంస్థ 2014లోనే నియమం పెట్టింది. ప్రకటనలు కాస్తో కూస్తో సర్దుకున్నాయి, ఇంట్లో పేరంటాలు సర్దుకోలేదు. ‘నలుపైనా కళగల ముఖం’ అన్న మాట పిన్నులు, అత్తలు మెచ్చుకోలుగానే అంటారు. వినే పిల్లకి అందులో ‘అయినా’ ఒక్కటే చెవిలో గుచ్చుకుంటుంది. ఆ మాట మీ గుమ్మం లోపల అనవద్దని పెద్దవాళ్లకి, అమ్మాయి లేనప్పుడు, మీరే చెప్పండి.

ప్రశ్న: మా పదేళ్ల బాబుని యూఏ సినిమాకి తీసుకెళ్తే హాల్లో ఎవరూ ఆపలేదు. తీరా అందులో తల నరికే సీన్లు. హాలు వాళ్ల తప్పు కాదా?
— మధురవాడ పాఠకురాలు

జవాబు: కాదండీ. ‘ఎ’ సర్టిఫికెట్ అయితేనే 18 లోపు వాళ్లను ఆపే బాధ్యత హాలుది. యూఏ అంటే నిర్ణయం మీకే వదిలేశారని అర్థం. 2024 నుంచి యూఏని మూడుగా విడగొట్టారు: 7+, 13+, 16+. టికెట్ బుక్ చేసేటప్పుడు ఆ అంకె చూడండి. 16+ అంటే మీ బాబుకి ఇంకో ఆరేళ్లు ఉంది.

ప్రశ్న: తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి ట్యూషన్లో ఒకమ్మాయి వెనక రోజూ వాళ్ల వీధి దాకా వెళ్తున్నాడని తెలిసింది. అడిగితే ‘మొదట్లో అలాగే అంటారు నాన్నా, తర్వాత ఒప్పుకుంటారు’ అన్నాడు. కొట్టబోయి ఆగాను. వాళ్లింటికి తీసుకెళ్లి క్షమాపణ చెప్పించనా?
— ఒక తండ్రి, ఎంవీపీ కాలనీ

జవాబు: వద్దు. వాళ్ల గుమ్మంలో వాడు తలొంచుకుని సారీ చెప్పడం కూడా సినిమాలో సీనే. ఆ అమ్మాయికి అది మరో భయం, వీడికి మరో అవకాశం. ముందు ట్యూషన్ బ్యాచ్ మార్పించండి. మాస్టారికి మీరే విషయం చెప్పండి. అమ్మాయి తల్లిదండ్రులతో మాట్లాడాల్సి వస్తే పెద్దవాళ్లు మాత్రమే మాట్లాడండి, ‘ఇకముందు ఇలా జరిగితే నేరుగా నాకు ఫోను చేయండి’ అని మీ నంబరు ఇవ్వండి. అబ్బాయి ఫోన్లో ఆ పిల్ల నంబరు, ఫొటోలు, ఇన్‌స్టా ఫాలో అన్నీ వాడి చేతే తీయించండి. మీరు లాక్కుని తీసేస్తే సాయంత్రానికి మళ్లీ వచ్చేస్తాయి.

చట్టం కూడా చెప్పండి, బెదిరింపుగా కాదు, సమాచారంగా. అమ్మాయి వద్దంటున్నా పదేపదే వెంటపడటం, మాట కలపాలని చూడటం 2013 నుంచి నేరం. ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్. మొదటిసారి మూడేళ్ల దాకా, రెండోసారి అయిదేళ్ల దాకా జైలు. అమ్మాయికి 18 నిండకపోతే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సో కూడా రావచ్చు. మీవాడు మైనరు కాబట్టి కేసు జువెనైల్ బోర్డుకి వెళ్తుంది, కానీ కేసు కేసే.

వాడన్న మాట మాత్రం అబద్ధం కాదు, వాడు చూసింది అదే. ఇంటర్వెల్ దాకా అమ్మాయి ఛీ అంటుంది, తర్వాత కరిగిపోతుంది. హీరో ఎక్కడా మారడు, మారేది అమ్మాయే. ఒకే లెక్కను వంద సినిమాల్లో చేసి చూపిస్తే పిల్లాడు దాన్ని సూత్రమనుకోక ఏమనుకుంటాడు? సినిమాలు మాన్పించలేరు గాని, వాడికి నచ్చినదే ఒకటి కలిసి చూడండి. ఆ అమ్మాయి ఎన్నిసార్లు వద్దందో కాగితం మీద గీతలు గీయమనండి. ఆ సీన్ తర్వాత ఆమె ఇంటికెళ్లి అమ్మతో ఏం చెప్పి ఉంటుందని అడగండి. సినిమాలో ఆ సీను ఉండదు. అదే హీరో చెల్లెలి వెనక ఇంకొకడు పడితే హీరో ఏం చేశాడని అడగండి. ఆ ప్రశ్న దగ్గర చాలామంది కుర్రాళ్లు కాసేపు మాట్లాడరు.

ఆడపిల్లల తల్లిదండ్రులు ఈ ఉత్తరం చదువుతుంటే 112 (అత్యవసరం), 181 (మహిళల సహాయం) నంబర్లు పిల్లల ఫోన్లో ఉంచండి.

ప్రశ్న: సినిమాలో సిగరెట్ కింద వేసే హెచ్చరిక వల్ల ఏమైనా ఉపయోగం ఉందా? మా కొట్టుకి కాలేజీ పిల్లలు హీరోలా వెలిగించుకోవడానికే వస్తారు.
— కిళ్లీ కొట్టు యజమాని, పూర్ణా మార్కెట్

జవాబు: 2012 అక్టోబరు 2 నుంచి సినిమాకి ముందు, మధ్యలో 30 సెకన్ల చిత్రాలు, పొగ కనబడినప్పుడల్లా కింద అక్షరాలు తప్పనిసరి. 2023 సెప్టెంబరు 1 నుంచి ఓటీటీలకు కూడా. మా ఉద్దేశంలో ఆ అక్షరాలను కన్ను దాటేయడం నేర్చేసుకుంది, స్లోమోషన్లో వదిలిన పొగను దాటేయలేదు. మీ చేతిలో ఉన్నది మీరు చేయండి. 18 లోపు వాళ్లకు అమ్మకూడదని 60 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. ఎత్తు బోర్డు కొట్టు ముందు పెట్టాలి. స్కూలు, కాలేజీకి 100 గజాల లోపు అసలు అమ్మకూడదు. వయసు అనుమానం వస్తే కాలేజీ ఐడీ కాదు, ఆధార్ అడగండి. కొట్టుకి వేలాడదీసిన లైటరు తీసేయండి. వెలిగించే ఆ పోజు మీ కొట్టు ముందు కుదరకపోతే సగం సరదా తగ్గుతుంది.

ప్రశ్న: సమాజాన్ని సినిమాలు మారుస్తాయా, సమాజమే సినిమాని తయారు చేస్తుందా? లీలామహల్, జగదాంబ హాళ్ల రోజుల నుంచి వాదించుకుంటున్నాం.
— రిటైర్డ్ మాస్టారు, కంచరపాలెం

జవాబు: మాస్టారూ, హాలు పేరే జంక్షన్ పేరయిపోయిన ఊళ్లో ఉండి అడుగుతున్నారు. జగదాంబ సెంటర్ అంటే బస్సు కండక్టరు కూడా సినిమా గురించి ఆలోచించడు. ప్రభావం అలాగే ఉంటుంది, కనబడనంతగా కలిసిపోయి.

రెండు ఉదాహరణలు తీసుకుందాం. మీ పొరుగున విజయనగరంలో 1892లో కన్యాశుల్కం నాటకం ఆడారు. ఆడపిల్లను డబ్బుకి అమ్మే ఆచారం మీద దెబ్బ. ఆ ఆచారం పోయింది. కానీ పోయి ఏమైంది? డబ్బు దిశ తిరిగి వరకట్నమైంది, 1961లో దానికి నిషేధ చట్టం తేవాల్సి వచ్చింది. నాటకం తప్పేమీ కాదు. కళ ఒక దురాచారాన్ని సిగ్గుపడేలా చేయగలదు, దాని వెనకున్న లెక్కల పుస్తకాన్ని మార్చలేదు.

రెండోది ఎన్టీఆర్. తెర మీద కృష్ణుడిగా ఆయన బొమ్మ క్యాలెండర్ల మీంచి పూజగదుల్లోకి వెళ్లింది. 1982 మార్చి 29న పార్టీ పెట్టి 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. ఆ బొమ్మే లేకపోతే తొమ్మిది నెలల్లో అది సాధ్యమా అన్నది మీరన్నట్టు వాదించుకోవచ్చు. మాకు అంతకంటే ముఖ్యంగా తోచేది ఆయన ప్రభుత్వం తెచ్చిన, 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చిన హిందూ వారసత్వ సవరణ. అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 సెప్టెంబరు 9 దాకా పట్టింది. ఆయన నటించిన చెల్లెలి సెంటిమెంట్ సినిమాలు చూసి హాల్లో ఏడ్చిన అన్నలెందరో. వాటా దగ్గరికొచ్చేసరికి ఆ అన్నల్లోనే చాలామంది చెల్లెలి చేత హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకున్నారు, ఇప్పటికీ పెట్టించుకుంటున్నారు. పసుపు కుంకుమల కింద పెట్టిన చీరతో సరి. కన్నీళ్లు బొమ్మ తెప్పించింది. వాటా మాత్రం చట్టం ఇచ్చింది, దాన్ని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో వదులుకోకుండా నిలబడ్డ చెల్లెళ్లు నిలబెట్టారు.

మీ వాదనకి మా ఓటు ఇంతే: సినిమా మనలో ముందే ఉన్నదాన్ని పెద్ద చేసి, అందంగా చేసి తిరిగిస్తుంది. అందంగా చేయడమే దాని బలం, ప్రమాదం కూడా.

ప్రశ్న: మా పాపకి ఎనిమిదేళ్లు. రీల్స్ చూసి ఒక టీవీ డాన్స్ షో వాళ్లు పిలిచారు. భీమిలి వైపు జరిగే షూటింగుల్లోనూ అడుగుతున్నారు. ఎంతవరకు ఒప్పుకోవచ్చు?
— ఒక జంట, సీతమ్మధార

జవాబు: కాగితాలు సరిగ్గా ఉంటే ఒప్పుకోవచ్చు. 2017 బాలకార్మిక నిబంధనల ప్రకారం పిల్లలతో షూటింగ్ చేసేవాళ్లు ముందుగా జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్ దగ్గర అనుమతి తీసుకోవాలి. ‘అదంతా మేం చూసుకుంటాం’ అంటే కాపీ అడగండి. అది ఆరు నెలలే చెల్లుతుంది. రోజుకి అయిదు గంటలు మించకూడదు. విరామం లేకుండా వరసగా మూడు గంటలు దాటకూడదు. గంటల లెక్క మీరే రాసుకోండి, అక్కడి గడియారాన్ని నమ్మొద్దు. వరసగా 27 రోజులకు మించి పని చేయించకూడదు. అయిదుగురు పిల్లలకు ఒక బాధ్యుడు ఉండాలి. పాప ఆదాయంలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో తన పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. చాలామంది తల్లిదండ్రులు మర్చిపోయేది, లేదా మర్చిపోయినట్టుండేది ఇదే. పాపకి ఇష్టం లేకుండా చేయించకూడదన్నది కూడా నిబంధనే, కాబట్టి ఉదయం ‘వద్దమ్మా’ అంటే ఆ రోజుకి వద్దు.

పాట ఎంపికలో మీ మాట ముందే రాతలో పెట్టుకోండి. పెద్దవాళ్ల కోసం తీసిన కవ్వింపు స్టెప్పులు పిల్లలతో వేయించవద్దని కేంద్ర ప్రసార శాఖ 2019 జూన్‌లో చానళ్లకు సూచించింది. పద్ధతి సులువు. సౌండు ఆపేసి స్టెప్పులు మాత్రమే చూడండి. పాట లేకుండా మీకే ఇబ్బందిగా అనిపిస్తే కొరియోగ్రాఫరుకి మార్చమని చెప్పండి. ఎలిమినేషన్ రోజున కెమెరా పాప ఏడుపు కోసం ఎదురుచూస్తుంది. ఆ రోజు స్టేజీ పక్కనే ఉండి, ఏడుపు మొదలవగానే తీసుకొచ్చేయండి.

ప్రశ్న: రీల్స్ చేసేవాడు చెప్పాడని మా తమ్ముడు బెట్టింగ్ యాప్‌లో డబ్బు పెట్టి అప్పులపాలయ్యాడు. కేసు పెడితే వాడి మీదకే వస్తుందని భయం.
— అక్కయ్యపాలెం పాఠకురాలు

జవాబు: ఆ భయంతో ఆగిపోకండమ్మా, కేసుకు ముందు ఒక లాయరును అడగండి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ నిషేధించింది. ఆ కేంద్ర చట్టంలో ఆడినవాళ్లకు శిక్ష లేదు, రాష్ట్ర చట్టం సంగతి లాయరు చెబుతారు. నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ప్రచారం చేసేవాళ్లకు రెండేళ్ల దాకా, 50 లక్షల దాకా.

ఈ రోజే చేయాల్సినవి: యూపీఐ యాప్‌లో ఆటోపే తెరిచి ఆ కంపెనీ పేరుతో ఉన్నవన్నీ రద్దు చేయండి. లోన్ యాప్‌లకు ఇచ్చిన కాంటాక్టులు, ఫొటోల అనుమతులు తీసేయండి. ఫోను ఫార్మాట్ చేయకండి, రీల్ లింకు, రిఫరల్ కోడ్, లావాదేవీల స్క్రీన్‌షాట్లు సాక్ష్యం. గెలిచిన డబ్బు రానివ్వకుండా ‘ముందు పన్ను కట్టు’ అని ఇంకా గుంజి ఉంటే అది నేరుగా మోసమే, సైబర్ మోసాల నంబరు 1930కి వెంటనే ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత. ప్రకటన మీద ఫిర్యాదుకి వినియోగదారుల నంబరు 1915.

రీల్లో కనబడే లక్షల గెలుపు చాలాసార్లు డెమో ఖాతాలోదే. వాడి కోడ్ మీద చేరినవాళ్లను బట్టి వాడికి కమీషన్. తమ్ముడు నిద్రపోకుండా, ‘ఒక్కసారి పెడితే అంతా తిరిగొచ్చేస్తుంది’ అంటుంటే మానసిక ఆరోగ్య సలహాకి టెలిమానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, ఉచితం. అప్పు మొత్తం ఒకేసారి తీర్చేసి చేతిలో డబ్బు పెట్టకండి. అప్పిచ్చినవాళ్లకు మీరే నేరుగా కట్టండి.

ప్రశ్న: మా జంక్షన్లో దివంగత నటుడి విగ్రహం పెట్టాలని చందాలు వసూలు చేశాం. ఎవరి అనుమతి కావాలి?
— గోపాలపట్నం పాఠకుడు

జవాబు: ప్రజల రోడ్డు, ఫుట్‌పాత్, కూడళ్లలో విగ్రహాలకు అనుమతి ఇవ్వవద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. కాబట్టి జంక్షన్లో కుదరదు. రాత్రికి రాత్రి దిమ్మె కట్టేస్తే మరో రాత్రి తీసేస్తారు, మధ్యలో మీ మీద కేసు. సొంత స్థలం ఎవరైనా ఇస్తే జీవీఎంసీకి ప్లాను పెట్టుకోండి. చందా ఇచ్చినవాళ్లందరికీ ఈ సంగతి రాతపూర్వకంగా చెప్పి, వెనక్కి కావాలన్నవాళ్లకు ఇచ్చేయండి. అప్పటిదాకా శిల్పికి అడ్వాన్సు ఇవ్వకండి, అది తిరిగి రాదు.